ఆర్‌ఎఫ్ సర్క్యూట్లలో ఇంపీడెన్స్ మ్యాచింగ్ నెట్‌వర్క్‌ల పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

యాంటెన్నాకూ రేడియో చిప్‌కూ మధ్య, లేదా రెండు యాంప్లిఫయర్ దశల మధ్య మ్యాచింగ్ నెట్‌వర్క్ (ఒక వైపు ఇంపీడెన్స్‌ను మరో వైపుకు సరిపోయేలా మార్చే ఇండక్టర్లు, కెపాసిటర్ల అమరిక) పెట్టి, అది నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలనుకునే ఇంజినీర్ల కోసం, విద్యార్థుల కోసం ఈ జవాబులు రాశాము. స్మిత్ చార్ట్ (ఇంపీడెన్స్‌లను ఒక వృత్తంలో బిందువులుగా చూపే పటం) మీద ఒక బిందువును కేంద్రానికి, అంటే సరైన మ్యాచ్‌కు, చేర్చే పద్ధతిని పాఠ్యపుస్తకాలన్నీ వివరిస్తాయి. చేరిందని తెర మీద కనిపించిన తరువాత ఆ కనిపించినదాన్ని ఎంతవరకు నమ్మాలన్న విషయానికి మాత్రం అంత చోటు దొరకదు. అందుకే ఇక్కడ డిజైన్ గురించి అవసరమైనంతే చెప్పి, పరీక్ష గురించి వివరంగా రాశాము.

మ్యాచింగ్ నెట్‌వర్క్‌ను పరీక్షించడమంటే అసలు దేన్ని పరీక్షించడం?

నెట్‌వర్క్‌లోకి పంపిన పవర్‌కు మూడే దారులున్నాయి. కొంత వెనక్కి తిరిగి వస్తుంది, కొంత నెట్‌వర్క్‌లోని భాగాల్లోనే వేడిగా మారిపోతుంది, మిగిలినది లోడ్‌కు చేరుతుంది. మనకు కావలసింది మూడోది. కానీ చాలామంది కొలిచేది మొదటిది ఒక్కటే, ఎందుకంటే వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్‌కు (వీఎన్ఏ) ఒక కేబుల్ తగిలిస్తే ఎస్11 (వెనక్కి వచ్చే సిగ్నల్ వాటా) గ్రాఫ్ వెంటనే కనిపిస్తుంది. వెనక్కి రాని పవరంతా లోడ్‌కు చేరిందని అనుకోవడమే ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఒక 50 ఓమ్‌ల రెసిస్టర్‌ను యాంటెన్నా స్థానంలో అతికిస్తే రిటర్న్ లాస్ (వెనక్కి వచ్చిన పవర్ పంపినదానికన్నా ఎన్ని డెసిబెల్స్, అంటే డీబీ, తక్కువో చెప్పే అంకె) అద్భుతంగా ఉంటుంది, గాలిలోకి మాత్రం ఏమీ వెళ్లదు. కాబట్టి పరీక్ష అన్నాక ఎస్11తో పాటు నెట్‌వర్క్ లోపలి నష్టాన్ని కూడా ఏదో ఒక పద్ధతిలో పట్టుకోవాలి.

రిటర్న్ లాస్ ఎంత ఉంటే చాలు?

ముందు అంకెలు చూద్దాం. రిటర్న్ లాస్ 6 డీబీ ఉంటే పంపిన పవర్‌లో నాలుగో వంతు వెనక్కి వస్తుంది, దానివల్ల నష్టం సుమారు 1.25 డీబీ. 10 డీబీ వద్ద పదో వంతు వెనక్కి వస్తుంది, నష్టం 0.46 డీబీ, వీఎస్‌డబ్ల్యూఆర్ (అదే పరావర్తనాన్ని నిష్పత్తిగా చెప్పే అంకె, 1 అంటే పరిపూర్ణ మ్యాచ్) 1.92. 14 డీబీ వద్ద వెనక్కి వచ్చేది 4 శాతం, నష్టం 0.18 డీబీ. 20 డీబీకి చేరేసరికి వెనక్కి వచ్చేది ఒక్క శాతమే, నష్టం 0.04 డీబీ.

అంటే 10 నుంచి 20కి తెచ్చినందుకు దక్కేది 0.4 డీబీ, 20 నుంచి 30కి తెచ్చినందుకు దక్కేది లెక్కలోకి రానంత తక్కువ. చిన్న యాంటెన్నాల విషయంలో బ్యాండ్ అంచుల వద్ద 6 నుంచి 10 డీబీ రావడమే చాలా ఉత్పత్తుల్లో అంగీకరించదగిన ఫలితం. కొలత పరికరాల్లో, ఫిల్టర్ల ముందు, పొడవైన కేబుళ్ల చివరల్లో మాత్రం 20 డీబీ, అంతకన్నా ఎక్కువ అవసరం కావచ్చు, ఎందుకంటే అక్కడ సమస్య పవర్ నష్టం కాదు, రెండు చివరల పరావర్తనాలు కలిసి ఫ్రీక్వెన్సీతో పాటు అలలు అలలుగా మారే లాభం (గెయిన్). ఏ స్థాయి సరిపోతుందో సర్క్యూట్ అవసరాన్ని బట్టి ముందే రాసి పెట్టుకుని, అది అందిన తరువాత ఆగడం మంచిది.

అంతా 50 ఓమ్‌లకే ఎందుకు మ్యాచ్ చేస్తారు?

గాలిని ఇన్సులేటర్‌గా వాడే కోయాక్సియల్ కేబుల్‌లో నష్టం అతి తక్కువగా ఉండేది సుమారు 77 ఓమ్‌ల వద్ద, అత్యధిక పవర్‌ను మోయగలిగేది సుమారు 30 ఓమ్‌ల వద్ద. 50 ఆ రెండింటికీ మధ్య కుదిరిన రాజీ. పరికరాలూ కేబుళ్లూ దానికే తయారవుతున్నాయి కాబట్టి కొలతకు అదే అనుకూలం. అయితే బోర్డు లోపల ఒక చిప్ నుంచి పక్కనే ఉన్న మరో చిప్‌కు వెళ్లేటప్పుడు 50 ఓమ్‌ల మీదుగానే వెళ్లాలన్న నియమం ఏదీ లేదు. నేరుగా మ్యాచ్ చేస్తే భాగాలు తగ్గుతాయి, నష్టమూ తగ్గుతుంది. పరీక్షించడం మాత్రం కష్టమవుతుంది.

ఏ పరికరాలు కావాలి? చవక వీఎన్ఏతో పని జరుగుతుందా?

రెండు పోర్టుల వీఎన్ఏ, మంచి కాలిబ్రేషన్ కిట్, వంచినా ఫేజ్ మారని కేబుళ్లు, టార్క్ రెంచి, కొన్ని అటెన్యుయేటర్లు, సన్నని సెమీ-రిజిడ్ కేబుల్ ముక్కలు ఉంటే చాలావరకు పని జరుగుతుంది. ఎస్‌ఎంఏ కనెక్టర్లను బిగించే బలం ఇత్తడి రకానికి సుమారు 0.56 న్యూటన్ మీటర్లు, స్టెయిన్‌లెస్ స్టీలు రకానికి సుమారు 0.9 న్యూటన్ మీటర్లు. బిగించేటప్పుడు నట్ తిరగాలి గాని కనెక్టర్ దేహం తిరగకూడదు. దేహం తిరిగితే మధ్య పిన్ రాసుకుని అరుగుతుంది, ఆ అరుగుదల తరువాతి కొలతలన్నిటిలోనూ కనబడుతుంది.

చవక పరికరాలను తక్కువ చేసి చూడనక్కరలేదు, కాని వాటి హద్దులు తెలిసి వాడాలి. ఉదాహరణకు తొలి రకం నానోవీఎన్ఏ 300 మెగాహెర్ట్జ్ దాటాక హార్మోనిక్‌ల (మూల ఫ్రీక్వెన్సీకి పూర్ణాంక రెట్లు ఉన్న సిగ్నళ్ల) సాయంతో కొలుస్తుంది కాబట్టి అక్కడి నుంచి దాని డైనమిక్ రేంజ్ (కొలవగల అతి పెద్ద, అతి చిన్న సిగ్నళ్ల మధ్య అంతరం) తగ్గుతుంది. అది ఒక స్వీప్‌లో 101 బిందువుల వద్ద మాత్రమే కొలుస్తుంది. 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ దాకా ఒకేసారి స్వీప్ చేస్తే బిందువుకూ బిందువుకూ మధ్య 9 మెగాహెర్ట్జ్ దూరం ఉంటుంది. ఇరుకైన రెజొనెన్స్ ఆ సందులో పూర్తిగా కనుమరుగైపోవచ్చు. కావలసిన బ్యాండ్‌కు మాత్రమే స్వీప్‌ను కుదించి, ఆ కుదించిన పరిధిలోనే మళ్లీ కాలిబ్రేషన్ చేస్తే అదే పరికరం ఎంతో నమ్మదగిన ఫలితమిస్తుంది.

కాలిబ్రేషన్ ఎక్కడ చేయాలి? కేబుల్ చివర చేస్తే సరిపోదా?

నెట్‌వర్క్ కనెక్టర్ దగ్గరే మొదలైతే సరిపోతుంది. బోర్డు మీద అలా ఎప్పుడో గాని జరగదు. కనెక్టర్ తరువాత కొంత ట్రేస్ ఉంటుంది, ఆ ట్రేస్ చివర మనకు కావలసిన ప్యాడ్ ఉంటుంది. కొలత మొదలయ్యే ఆ చోటును రిఫరెన్స్ ప్లేన్ అంటారు.

దాని ప్రాముఖ్యం ఒక లెక్కతో తెలుస్తుంది. సాధారణ ఎఫ్‌ఆర్4 బోర్డు మీద మైక్రోస్ట్రిప్ ప్రభావ పర్మిటివిటీని 3.3గా తీసుకుంటే 2.45 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 67 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల ట్రేస్ దాదాపు 53 డిగ్రీలు. పరావర్తనం పోయి రావాలి కాబట్టి స్మిత్ చార్ట్ మీద బిందువు 107 డిగ్రీలు తిరిగిపోతుంది. ఇండక్టివ్‌గా ఉన్న లోడ్ కెపాసిటివ్‌గా కనిపించడానికి అది చాలు. ఆ తప్పు బిందువును ఆధారం చేసుకుని ఇండక్టర్ విలువ లెక్కవేస్తే, బోర్డు మీద పెట్టిన ప్రతి భాగమూ లెక్కకు వ్యతిరేకంగా ప్రవర్తిస్తున్నట్టు అనిపిస్తుంది.

దీన్ని సరిచేయడానికి మూడు మార్గాలున్నాయి. కేబుల్ చివర షార్ట్, ఓపెన్, లోడ్ పెట్టి కాలిబ్రేషన్ చేసి, ఆపైన ట్రేస్ చివర ప్యాడ్‌ను గ్రౌండ్‌కు షార్ట్ చేసి, స్మిత్ చార్ట్‌లో ఎడమ అంచుకు బిందువు చేరేదాకా పోర్ట్ ఎక్స్‌టెన్షన్ (రిఫరెన్స్ ప్లేన్‌ను ముందుకు జరిపే వీఎన్ఏ సెట్టింగ్) పెంచడం అన్నిటికన్నా సులభం. ట్రేస్ ఇంపీడెన్స్ సరిగ్గా 50 ఓమ్‌లు ఉన్నప్పుడు, నష్టం తక్కువగా ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. రెండవది, ప్యాడ్ వద్దే కాలిబ్రేషన్ ప్రమాణాలను సోల్డర్ చేసి తయారుచేసుకోవడం. ఖాళీ ప్యాడ్ ఓపెన్ అవుతుంది, రాగి రేకు ముక్క షార్ట్ అవుతుంది, ప్యాడ్‌కు రెండు వైపులా గ్రౌండ్‌కు పెట్టిన 0402 పరిమాణపు రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లు కలిసి 50 ఓమ్‌ల లోడ్ అవుతాయి. ఒకే 50 ఓమ్‌ల రెసిస్టర్ కన్నా ఇలా రెండు పెడితే గ్రౌండ్ దారి ఇండక్టెన్స్ దాదాపు సగానికి తగ్గుతుంది. కొన్ని గిగాహెర్ట్జ్ వరకు ఈ పద్ధతి మీద నాకు చాలా నమ్మకం. మూడవది, అదే బోర్డు ప్యానెల్ మీద త్రూ, రిఫ్లెక్ట్, లైన్ నమూనాలు చెక్కించి టీఆర్‌ఎల్ కాలిబ్రేషన్ చేయడం. 1979లో ఎంగెన్, హోర్ ప్రతిపాదించిన ఈ పద్ధతికి కచ్చితమైన లోడ్ అవసరం లేదు. లైన్‌కూ త్రూకూ మధ్య ఫేజ్ తేడా సుమారు 20 నుంచి 160 డిగ్రీల లోపల ఉండాలి కాబట్టి విశాలమైన బ్యాండ్‌కు ఒకటి కన్నా ఎక్కువ లైన్లు కావాలి, తక్కువ ఫ్రీక్వెన్సీల వద్ద లైన్ బాగా పొడవైపోతుంది.

కాలిబ్రేషన్ సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

కాలిబ్రేషన్‌కు వాడిన లోడ్‌నే మళ్లీ తగిలించి 50 డీబీ కనిపించిందని సంతోషించడం వల్ల ప్రయోజనం లేదు. అది కనెక్టర్ ఎంత నిలకడగా బిగుస్తోందో మాత్రమే చెబుతుంది. లోడ్ తప్పయితే ఆ తప్పునే ఒప్పుగా చూపిస్తుంది. కాలిబ్రేషన్‌లో పాల్గొనని మరో వస్తువుతో సరిచూడాలి. 3 డీబీ అటెన్యుయేటర్ తగిలించి దాని రెండో చివర ఖాళీగా వదిలితే రిటర్న్ లాస్ 6 డీబీ రావాలి, ఎందుకంటే సిగ్నల్ దాన్ని రెండుసార్లు దాటుతుంది. టీ కనెక్టర్‌కు రెండు 50 ఓమ్‌ల లోడ్‌లు పెడితే 25 ఓమ్‌లు అవుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీల వద్ద రిటర్న్ లాస్ 9.5 డీబీ చూపాలి.

మిగిలిపోయిన డైరెక్టివిటీ లోపం (వెళ్లే సిగ్నల్‌లో కొంత వెనక్కి వచ్చినట్టు పరికరం పొరపడడం) చాలా మంచి రిటర్న్ లాస్ కొలతలను ఎలా పాడుచేస్తుందో కూడా గుర్తుంచుకోవాలి. కాలిబ్రేషన్ తరువాత డైరెక్టివిటీ 40 డీబీ ఉన్న వ్యవస్థలో అసలు విలువ 30 డీబీ అయిన భాగాన్ని కొలిస్తే, తెర మీద 27.6 నుంచి 33.3 దాకా ఏదైనా కనిపించవచ్చు. 10 డీబీ భాగాన్ని కొలిచేటప్పుడు మాత్రం అదే లోపం అర డీబీ కూడా తేడా తేదు. 40 డీబీ మ్యాచ్ సాధించామని నివేదికలో రాసేముందు ఆ వ్యవస్థకు 40 డీబీ కొలిచే శక్తి ఉందా అని అడగాలి.

బోర్డు మీదున్న యాంటెన్నా ఇంపీడెన్స్‌ను ఎలా కొలవాలి?

మ్యాచింగ్ భాగాల ప్యాడ్‌లన్నీ ఖాళీ చేసి, రేడియో చిప్ వైపు వెళ్లే ట్రేస్‌ను తెంపి, సన్నని సెమీ-రిజిడ్ కేబుల్ మధ్య తీగను యాంటెన్నా వైపు ప్యాడ్‌కు అతకాలి. కేబుల్ పై తొడుగును ఆ ప్యాడ్‌కు వీలైనంత దగ్గరలో గ్రౌండ్‌కు అతకాలి. బయట మిగిలిన మధ్య తీగ పొడవు ఒక మిల్లీమీటర్‌కు మించకుండా చూడాలి, ఎందుకంటే ఆ పొడవంతా లెక్కలోకి రాని ఇండక్టరే.

చిన్న బోర్డుల్లో గ్రౌండ్ ప్లేన్ కూడా యాంటెన్నాలో భాగమే కాబట్టి కేబుల్ తొడుగు మీదికి కరెంట్ పాకుతుంది, కేబుల్ కూడా రేడియేట్ చేయడం మొదలుపెడుతుంది. అప్పుడు కనిపించే ఇంపీడెన్స్ యాంటెన్నాదీ కేబుల్‌దీ కలిపి. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఎస్11 గ్రాఫ్‌ను చూస్తూ కేబుల్‌ను వేళ్లతో పట్టుకుని బోర్డు దగ్గర నుంచి పరికరం వైపు మెల్లగా జరపాలి. గ్రాఫ్‌లోని లోయ వేళ్లతో పాటు అటూ ఇటూ కదిలితే ఆ కొలత చెల్లదు. కేబుల్ మీద ఆ ఫ్రీక్వెన్సీకి తగిన ఫెర్రైట్ పూసలు తొడగాలి, లేదా పావు తరంగదైర్ఘ్యం పొడవు లోహపు గొట్టాన్ని చోక్‌గా పెట్టాలి. గ్రౌండ్ కరెంట్ తక్కువగా ఉండే చోటు నుంచి కేబుల్‌ను బయటకు తీయాలి. వేళ్లు జరిపినా గ్రాఫ్ నిలకడగా ఉన్న తరువాతే విలువ రాసుకోవాలి.

ఇంకొక విషయం కూడా తప్పనిసరి. ప్లాస్టిక్ పెట్టె, బ్యాటరీ, డిస్‌ప్లే అన్నీ తమ స్థానాల్లో ఉండగానే కొలవాలి. ప్లాస్టిక్ దగ్గరకు వస్తే రెజొనెన్స్ కిందికి జరుగుతుంది, శరీరం తగిలితే ఇంకా జరుగుతుంది. చేతికి కట్టుకునే పరికరాన్ని బల్ల మీద పెట్టి మ్యాచ్ చేస్తే, వాడుకలో ఎప్పుడూ రాని పరిస్థితికి మ్యాచ్ చేసినట్టవుతుంది.

ఒక ఉదాహరణ లెక్కతో చూపగలరా?

434 మెగాహెర్ట్జ్ వద్ద ఒక పొట్టి యాంటెన్నా 12.5 ఓమ్‌ల రెసిస్టెన్స్, దానితో పాటు మైనస్ 30 ఓమ్‌ల రియాక్టెన్స్ చూపిందనుకుందాం. 50ని 12.5తో భాగిస్తే 4; ఒకటి తీసివేసి వర్గమూలం కడితే నెట్‌వర్క్ క్యూ, అంటే రియాక్టెన్స్‌కూ రెసిస్టెన్స్‌కూ నిష్పత్తి, 1.73. సిరీస్ ఇండక్టర్ యాంటెన్నా కెపాసిటెన్స్‌ను రద్దు చేయడానికి 30 ఓమ్‌లు, మ్యాచింగ్‌కు 21.7 ఓమ్‌లు, మొత్తం 51.7 ఓమ్‌లు ఇవ్వాలి. అది 18.9 నానోహెన్రీలు. 50 ఓమ్‌ల వైపు గ్రౌండ్‌కు పెట్టే కెపాసిటర్ 28.9 ఓమ్‌లు, అంటే 12.7 పికోఫారడ్‌లు. సొరుగులో దొరికే ప్రామాణిక విలువలు 18 నానోహెన్రీలు, 12 పికోఫారడ్‌లు.

నష్టం లేని భాగాలనుకుంటే ఈ విలువలతో రిటర్న్ లాస్ 17.9 డీబీ వస్తుంది. ఇప్పుడు ఇండక్టర్ క్యూ 50 అని తీసుకుని దాని లోపలి రెసిస్టెన్స్, సుమారు 0.98 ఓమ్, కలిపి లెక్క వేస్తే రిటర్న్ లాస్ 18.7 డీబీకి చేరుతుంది. అంటే ఇండక్టర్ కాయిల్‌లో పవర్ నష్టమవుతున్నా ఎస్11 మెరుగైనట్టు కనిపిస్తుంది! 13.48 ఓమ్‌ల మొత్తంలో 0.98 కాయిల్‌దే కాబట్టి లోపలికి వెళ్లిన పవర్‌లో 7 శాతానికి పైగా, అంటే 0.33 డీబీ, అక్కడే వేడైపోతోంది. ఇక్కడ పరావర్తనం వల్ల పోయేది 0.06 డీబీ మాత్రమే. వీఎన్ఏ తెర చూపేది ఆ చిన్న నష్టాన్ని, దాచేది పెద్ద నష్టాన్ని. యాంటెన్నా రెసిస్టెన్స్ 12.5కు బదులు 3 ఓమ్‌లు అయితే అదే ఒక ఓమ్ కాయిల్ పవర్‌లో దాదాపు నాలుగో వంతు తినేస్తుంది.

రిటర్న్ లాస్ బాగుంది, అయినా రేంజ్ తగ్గింది. లోపలి నష్టాన్ని ఎలా కొలవాలి?

పై ఉదాహరణలో జరిగిందే మీ బోర్డు మీదా జరిగి ఉండవచ్చు. నష్టాన్ని బయటపెట్టే పద్ధతులు కొన్ని ఉన్నాయి, ఏదీ ఎస్11 అంత సులభం కాదు.

మొదటిది, పోల్చి చూడడం. పరికరాన్ని కదలని స్టాండ్ మీద పెట్టి, కొన్ని మీటర్ల దూరంలో స్థిరమైన యాంటెన్నా, స్పెక్ట్రమ్ అనలైజర్ పెట్టి, మ్యాచింగ్ భాగాలు మారుస్తూ అందిన పవర్‌ను రాసుకోవాలి. గది పరావర్తనాల వల్ల అసలు విలువ నమ్మదగినది కాకపోయినా, ఏమీ కదపకుండా ఒక్క కాయిల్ మాత్రమే మార్చినప్పుడు వచ్చే తేడా నమ్మదగినదే. మామూలు మల్టీలేయర్ కాయిల్ తీసి అదే విలువగల తీగ చుట్టిన కాయిల్ పెట్టి చూడండి. ఎస్11 దాదాపు కదలకుండా అందిన పవర్ పెరిగితే జవాబు దొరికినట్టే.

రెండవది, ఒకే నెట్‌వర్క్‌ను రెండుసార్లు తయారుచేసి, లోడ్ వైపులు ఎదురెదురుగా కలిపి ఎస్21 (ఒక పోర్టు నుంచి మరో పోర్టుకు చేరే సిగ్నల్ వాటా) కొలిచి సగం చేయడం. లోడ్ కేవలం రెసిస్టెన్స్ అయినప్పుడు ఇది చక్కగా కుదురుతుంది. రియాక్టెన్స్ ఉన్న లోడ్‌కు చేసిన నెట్‌వర్క్‌లను అలా కలిపితే ఒకదాని రియాక్టెన్స్ మరొకదానికి తోడవుతుంది కాబట్టి, మధ్యలో దాన్ని రద్దుచేసే భాగం పెట్టాలి. దాని నష్టాన్నీ లెక్కలో తీసివేయాలి.

మూడవది, చిన్న యాంటెన్నాలకు హెరాల్డ్ వీలర్ 1959లో సూచించిన మూత పద్ధతి. యాంటెన్నా రెసిస్టెన్స్‌ను ముందు బయట కొలిచి, తరువాత దాని మీద లోహపు మూత బోర్లించి కొలుస్తారు. మూత రేడియేషన్‌ను ఆపేస్తుంది కాబట్టి అప్పుడు మిగిలేది నష్టం తాలూకు రెసిస్టెన్స్. బయట 12.5, లోపల 5 ఓమ్‌లు వస్తే రేడియేషన్ వాటా 7.5, సామర్థ్యం 60 శాతం. మూత వ్యాసార్ధం తరంగదైర్ఘ్యాన్ని 2πతో భాగించినంత ఉండాలి. 434 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 11 సెంటీమీటర్లు. మూత తనకు తాను రెజొనేట్ అయ్యే ఫ్రీక్వెన్సీ దగ్గరలో వచ్చిన విలువలను వదిలేయాలి. అన్నిటికన్నా నమ్మదగినది అనెకోయిక్ చాంబర్‌లో (గోడల పరావర్తనాలు లేని గదిలో) అన్ని దిశల్లోనూ కొలిచి కూడిన మొత్తం రేడియేటెడ్ పవర్, కానీ రోజువారీ సవరణలకు అది అందుబాటులో ఉండదు.

లెక్కకూ కొలతకూ ఎందుకింత తేడా వస్తుంది?

కాగితం మీద ఉన్న కెపాసిటర్ బోర్డు మీద లేదు కాబట్టి. 0402 పరిమాణపు 12 పికోఫారడ్‌ల కెపాసిటర్‌కు 0.4 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉందనుకుంటే అది 2.3 గిగాహెర్ట్జ్ వద్ద తనతో తానే రెజొనేట్ అవుతుంది. 434 మెగాహెర్ట్జ్ వద్ద 12.4 పికోఫారడ్‌లుగా ప్రవర్తిస్తుంది, 2.45 గిగాహెర్ట్జ్ వద్ద అది కెపాసిటరే కాదు. గ్రౌండ్‌కు వెళ్లే వయా (బోర్డు పొరలను కలిపే లోహపు పూత రంధ్రం) కూడా తక్కువదేమీ కాదు. 1.6 మిల్లీమీటర్ల బోర్డును పూర్తిగా దాటే 0.3 మిల్లీమీటర్ల వయాకు సుమారు 1.3 నానోహెన్రీ ఉంటుంది, 2.45 గిగాహెర్ట్జ్ వద్ద అది దాదాపు 20 ఓమ్‌లు. షంట్ (గ్రౌండ్‌కు పెట్టిన) కెపాసిటర్ పక్కనే రెండు మూడు వయాలు, దగ్గరలోనే గ్రౌండ్ లేయర్ ఉంటే ఈ సమస్య చాలావరకు పోతుంది.

అందుకే సిమ్యులేషన్‌లో ఆదర్శ విలువలు కాకుండా తయారీదారులిచ్చే ఎస్-పారామీటర్ ఫైళ్లు వాడాలి, ప్యాడ్‌లనూ వయాలనూ కూడా చేర్చాలి. భాగాలు పెట్టేటప్పుడు ఒక్కొక్కటిగా పెట్టి, ప్రతి అడుగులోనూ కొలవడం మేలు. ముందు సిరీస్ స్థానంలో సున్నా ఓమ్ రెసిస్టర్ పెట్టి బిందువు కొలిచినదానితో సరిపోతోందా చూడాలి. తరువాత ఇండక్టర్ పెట్టి బిందువు స్థిర రెసిస్టెన్స్ వృత్తం మీద జరిగిందా, ఎంత జరిగిందో చూడాలి. ఆ తరువాతే కెపాసిటర్. రెండూ ఒకేసారి పెడితే ఏది దారి తప్పిందో తెలియదు. మొదటి బోర్డులోనే గ్రీకు అక్షరం ‘పై’ ఆకారంలో మూడు భాగాలకు చోటు వదిలితే ఏ దిశలోనైనా సవరించుకోవచ్చు.

మధ్యలో బాగుంది, బ్యాండ్ అంచుల్లో రావడం లేదు. ఇంకొన్ని భాగాలు కలపనా?

కొంతవరకే ఉపయోగం. హెండ్రిక్ బోడె 1945లో, రాబర్ట్ ఫానో 1950లో వివరించిన పరిమితి ప్రకారం, రియాక్టెన్స్ ఉన్న లోడ్‌ను నష్టం లేని నెట్‌వర్క్‌తో ఎంత విశాలమైన బ్యాండ్‌లో ఎంత బాగా మ్యాచ్ చేయవచ్చన్నదానికి ప్రకృతిలోనే ఒక హద్దు ఉంది. యాంటెన్నా క్యూ 30, కావలసిన బ్యాండ్ మధ్య ఫ్రీక్వెన్సీలో 10 శాతం అయితే, ఎన్ని భాగాలు పెట్టినా బ్యాండ్ అంతటా సుమారు 9 డీబీ కన్నా మెరుగు రాదు. అలాంటి యాంటెన్నాతో ఎవరైనా బ్యాండ్ అంతటా 15 డీబీ చూపిస్తే నష్టం ఎక్కడుందో వెతకాలి. తప్పకుండా ఉంటుంది.

పవర్ యాంప్లిఫయర్‌నూ, తక్కువ శబ్దపు యాంప్లిఫయర్‌నూ ఇలాగే పరీక్షించవచ్చా?

లేదు, వాటి లక్ష్యాలే వేరు. పవర్ యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు కావలసింది కాంజుగేట్ మ్యాచ్ (రెసిస్టెన్స్‌లు సమానమై, రియాక్టెన్స్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే మ్యాచ్) కాదు, వోల్టేజీనీ కరెంట్‌నూ రెండింటినీ పూర్తిగా వాడుకోనిచ్చే లోడ్. సరఫరా వోల్టేజీ వర్గాన్ని కావలసిన పవర్‌కు రెట్టింపుతో భాగిస్తే దాని అంచనా వస్తుంది, 3.3 వోల్టులతో ఒక వాట్ కావాలంటే 5.4 ఓమ్‌లు. కాబట్టి అక్కడ వీఎన్ఏతో కొలవాల్సింది, ట్రాన్సిస్టర్ తీసివేసి దాని ప్యాడ్ నుంచి నెట్‌వర్క్ వైపు చూస్తే ఆ విలువ కనిపిస్తోందా అన్నది. ట్రాన్సిస్టర్ పెట్టి నడిపేటప్పుడు అవుట్‌పుట్ పవర్, తీసుకునే కరెంట్, హార్మోనిక్‌లు మూడూ కలిపి చూడాలి. నడుస్తున్న యాంప్లిఫయర్‌ను తగిన అటెన్యుయేటర్ లేకుండా వీఎన్ఏకు కలిపితే పరికరం పాడవుతుంది. పవర్‌ను తట్టుకోగల 3 డీబీ అటెన్యుయేటర్ చివరను ఖాళీగా వదిలి, మధ్యలో పొడవు మార్చగల లైన్ పెట్టి జరిపితే వీఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉన్న లోడ్ అన్ని ఫేజ్‌ల వద్దా దొరుకుతుంది. ఏ ఫేజ్ వద్దనైనా యాంప్లిఫయర్ ఆసిలేట్ అవుతోందా అన్నది అలా తెలుస్తుంది. యాంటెన్నా మీద చెయ్యి వేసినప్పుడు సరిగ్గా అలాంటి లోడే ఎదురవుతుంది కాబట్టి ఈ పరీక్షను వదలవద్దు.

తక్కువ శబ్దపు యాంప్లిఫయర్ ఇన్‌పుట్ వద్ద శబ్దం కనిష్ఠమయ్యే సోర్స్ ఇంపీడెన్స్ వేరు, కాంజుగేట్ మ్యాచ్ వేరు. ఎస్11 కాస్త పేలవంగా ఉండి నాయిస్ ఫిగర్ బాగుంటే అది డిజైన్ ప్రకారమే జరిగి ఉండవచ్చు. కొలిచేటప్పుడు పోర్ట్ పవర్‌ను మైనస్ 30 డీబీఎం లేదా అంతకన్నా తక్కువకు దించాలి. లేకపోతే యాంప్లిఫయర్ కంప్రెషన్‌లోకి (గెయిన్ పడిపోయే స్థితిలోకి) వెళ్లి వేరే ఇంపీడెన్స్ చూపిస్తుంది.

చిప్ అవుట్‌పుట్ డిఫరెన్షియల్ (ఒకదానికొకటి వ్యతిరేక ఫేజ్‌లో ఉన్న రెండు తీగల జత) అయితే?

నాలుగు పోర్టుల వీఎన్ఏతో మిశ్రమ మోడ్ కొలత (రెండు తీగల తేడా సిగ్నల్‌నూ ఉమ్మడి సిగ్నల్‌నూ విడివిడిగా చూపేది) సరైన దారి. అది లేకపోతే బాలన్ (జతను ఒకే తీగ సిగ్నల్‌గా మార్చే భాగం) తరువాత 50 ఓమ్‌ల వైపు నుంచి అవుట్‌పుట్ పవర్, రెండవ హార్మోనిక్ స్థాయి కొలవాలి. జతలోని రెండు శాఖల మధ్య సమతుల్యం దెబ్బతింటే సాధారణంగా రెండవ హార్మోనిక్ పెరుగుతుంది.

భాగాల టాలరెన్స్ (విలువల్లో అనుమతించిన తేడా) ఎంత ప్రభావం చూపుతుంది?

పై 434 మెగాహెర్ట్జ్ ఉదాహరణలోనే కాయిల్‌ను 5 శాతం అటూ ఇటూ మార్చి చూద్దాం. 17.1 నానోహెన్రీల వద్ద రిటర్న్ లాస్ 13.8 డీబీ, 18.9 వద్ద 31 డీబీకి పైగా. గ్రాఫ్‌లు పక్కపక్కన పెడితే రెండు వేరు వేరు డిజైన్లని అనిపిస్తుంది. కానీ లోడ్‌కు చేరే పవర్‌లో తేడా 0.2 డీబీ లోపే. కాబట్టి ఇక్కడ 2 శాతం కాయిల్‌కు ఎక్కువ ఖర్చుపెట్టడం కన్నా ఎక్కువ క్యూ ఉన్న కాయిల్‌కు పెట్టడం తెలివైన పని. నెట్‌వర్క్ క్యూ పెద్దదైతే మాత్రం, అంటే 50 ఓమ్‌ల నుంచి ఒకటి రెండు ఓమ్‌లకు దిగాల్సి వస్తే, టాలరెన్స్ నిజంగానే నొప్పిస్తుంది. కెపాసిటర్లకు సీ0జీ రకమే వాడాలి. దాని మార్పు డిగ్రీకి 30 పీపీఎం లోపల ఉంటుంది. ఎక్స్7ఆర్ రకం తన ఉష్ణోగ్రత పరిధిలో 15 శాతం దాకా మారవచ్చు, నష్టమూ ఎక్కువే. మ్యాచింగ్‌లో దానికి చోటు లేదు.

ఉత్పత్తిలో ప్రతి బోర్డునూ వీఎన్ఏతో కొలవాలా?

అది ఆచరణలో కుదరదు, అవసరమూ లేదు. సాధారణంగా లోపల స్విచ్ ఉన్న చిన్న కోయాక్సియల్ కనెక్టర్ ద్వారా పవర్‌నూ రిసీవర్ సున్నితత్వాన్నీ కొలుస్తారు. అయితే ప్రోబ్ దిగగానే ఆ స్విచ్ యాంటెన్నాను వేరు చేస్తుంది. అంటే కనెక్టర్‌కు అవతల ఉన్న మ్యాచింగ్ భాగాలు, యాంటెన్నా ఈ పరీక్షలో అసలు పాల్గొనవు. అక్కడ ఒక కెపాసిటర్ అతకకపోయినా బోర్డు పాసవుతుంది. ఆ భాగం కోసం షీల్డ్ పెట్టెలో స్థిరమైన కప్లర్ దగ్గర పెట్టి అందిన పవర్‌ను చూసే రెండో పరీక్ష ఒకటి ఉండాలి. దానికి హద్దులు నిర్ణయించడానికి ప్రయోగశాలలో పూర్తిగా కొలిచిన కొన్ని మంచి బోర్డులతో పాటు, కావాలని ఒక భాగం తీసివేసిన బోర్డులు, తప్పు విలువ పెట్టిన బోర్డులు కూడా తయారుచేసుకోవాలి. లోపమున్న బోర్డులను పట్టుకోలేని హద్దు ఎందుకూ పనికిరాదు. మంచి బోర్డుల్లో ఒకదాన్ని ప్రతి షిఫ్టు మొదట్లో ఫిక్స్‌చర్‌లో పెట్టి చూడాలి. దాని అంకె జరిగితే ముందుగా అనుమానించాల్సింది ఫిక్స్‌చర్ పిన్నులనూ కేబుల్‌నూ, ఆ రోజు వచ్చిన బోర్డులను కాదు.